రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాష్టారికి ఒక దురలవాటు ఉండేది. పొగాకు కాదు, పేకాట కాదు. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ వారం తిరక్కుండా ఒక పేరు పెట్టేవారు. రోడ్డంతా ఖాళీగా ఉన్నా బండిని వెతికి వెతికి గుంటలోనే దింపే బట్టలకొట్టు గుమాస్తా ‘గుంటలాయన’. వెనకవచ్చే బళ్లు కనబడాలని అద్దం సర్దితే అందులో తన క్రాఫు సర్దుకునే బ్యాంకు ఉద్యోగి ‘పెళ్లికొడుకు’. ఎదురుగా పిల్లి వచ్చినా పెద్దపులి వచ్చినట్టు కళ్లు మూసుకునే నర్సమ్మ ‘ధ్యానం’. ఈ పేర్లు మధ్యాహ్నం భోజనాల దగ్గర పుట్టేవి. మాష్టారు అన్నం కలుపుతూ పెట్టేవారు, ఆయన భార్య పొలమారేలా నవ్వేది. అంతే, ఆ పేరు ఖాయం. అందులో దుర్మార్గం ఏమీ లేదని ఆయన నమ్మకం. ఎదురుగా ఎవరినీ అలా పిలిచింది లేదు గదా అని.

స్కూలు అంటే టైర్ల కొట్టు పక్కన ఒకే ఒక్క గది. గోడ మీద రోడ్డు గుర్తుల పటం. నాలుగు దారుల కూడలి బొమ్మ గీసిన చెక్క, దాని మీద రంగు వెలిసిన బొమ్మకార్లు. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటర్. దాని ముందు మాష్టారి భార్య. దరఖాస్తులు నింపడం, పరీక్ష తేదీలు తీసుకోవడం, నేర్చుకునేవాళ్ల చేత రోడ్డు గుర్తుల ప్రశ్నలు సాధన చేయించడం అంతా ఆవిడ పని. బయట చెట్టు నీడన కారు. దానికి మామూలు కార్లలో లేనిది ఒకటుంది: నేర్చుకునే మనిషి కాళ్ల దగ్గర ఉన్నట్టే మాష్టారి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి. పక్కవాడు తప్పు చేస్తే ఈయన ఆపడానికి.

ఆ కంప్యూటర్ పొద్దున లేవడం ఒక తతంగం. మీట నొక్కగానే లోపల పంకా గిర్రుమనేది. తెర నల్లగా అయ్యేది. దాని మీద తెల్లటి అక్షరాలతో రెండు వరుసలు వచ్చి అలా నిలబడిపోయేవి. చాలాసేపటికి అవి పోయి, ఇంకేవో వరుసలు చీమల బారులా కిందికి పాకేవి. ఆ బారు తెగేలోపు మాష్టారి భార్య గది ఊడ్చేది, కుర్చీలు తుడిచేది, పక్క కొట్టువాళ్లతో రెండు మాటలు ఆడి వచ్చేది. అప్పటికి తెర మీద ఏదో కొండ బొమ్మ కనబడేది. హమ్మయ్య, లేచింది అనుకునేవారు.

ఈ మధ్యలో ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. అది మాష్టారి ఆజ్ఞ. ఆజ్ఞతో ఊరుకుంటే బాగుండేది. ఆయన దానికి ఒక పాఠం కూడా కట్టారు. రెండేళ్ల కిందట బావమరిది వచ్చి ఇందులో, యంత్రాన్ని నడిపించే కొత్త సిస్టమ్ ఒకటి వేసిపోయాడు. “పాతది తీసెయ్యలేదా?” అని అడిగితే, “ఉండనీ బావా, నీకేం బరువు?” అని వెళ్లి బస్సెక్కాడు. ఆ ముక్క పట్టుకుని మాష్టారు రాత్రింబవళ్లు ఆలోచించి తేల్చుకున్నది ఏమిటంటే, కారులో రెండు బ్రేకులు ఉన్నట్టే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు ఉంటాయి, కొత్తది దారి తప్పితే పాతది పట్టుకుని ఆపుతుంది. ఆలస్యం అంటారా, జాగ్రత్త ఉన్నచోట కాస్త ఆలస్యం ఉంటుంది. ఎదురుచూస్తూ కూర్చున్న ప్రతి బ్యాచ్‌కీ ఈ పాఠం చెప్పారు. వాళ్లు తలలూపారు. కొందరు ఇళ్లకు వెళ్లి తమ పిల్లలకు కూడా చెప్పి ఉంటారు. ఆ పిల్లలు ఏమనుకున్నారో మనకు తెలియదు.

ఇక బ్రేకమ్మ. అసలు పేరు వేరే ఉంది కాని, మాష్టారి ఇంట్లో ఎవరూ వాడలేదు కాబట్టి మనమూ ఇలాగే పిలవక తప్పదు. నలభై దాటిన మనిషి. ఒక పెద్ద గిడ్డంగుల కంపెనీలో కంప్యూటర్లు మొరాయిస్తే దారికి తెచ్చే విభాగంలో పని. మొదటి రోజే బడి ప్రహరీగోడ మీదికి బండిని తిన్నగా పోనిచ్చింది. గోడకీ బండికీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండగా మాష్టారు తన బ్రేకు తొక్కారు. బండి ఆగింది, ఆయన గుండె ఆగలేదు. ఆ రోజు నుంచి ఆవిడకు ఇంకో జబ్బు పట్టుకుంది. బండి కదలబోతుంది, కుదుపు ఇస్తుంది, చచ్చి ఊరుకుంటుంది. మళ్లీ తాళం తిప్పడం, మళ్లీ కుదుపు, మళ్లీ చావు.

“బ్రేకు మీద నుంచి కాలు తియ్యమ్మా.”

“తీశానండీ.”

“తీస్తే బండి ఎందుకు ఆగుతుంది? నీ కాలు నీకు తెలియకపోతే ఎలా?”

వెనక బళ్లవాళ్లు హారన్లు కొట్టేవారు. మాష్టారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, “కాస్త ఆగండి బాబూ, మా అమ్మగారు బ్రేకును ప్రేమిస్తున్నారు” అనేవారు. ఆ మాట ఆయనకే బాగా నచ్చి, ఒకసారితో ఆపలేకపోయారు. బ్రేకమ్మ చెవులు ఎర్రబడేవి. ఏమీ అనేది కాదు. పెద్దాయన, ఊళ్లో సగం మందికి నేర్పిన మనిషి, తప్పు చెప్పడు గదా అని ఆవిడ నమ్మకం.

ఒక రోజు పొద్దున ఆవిడ పాఠం లేని వేళలో వచ్చింది. మాష్టారు బయట కారు అద్దం తుడుస్తున్నారు. ఆవిడ ఆయన్ని చూడనట్టే లోపలికి నడిచింది. మాష్టారు గుడ్డ భుజాన వేసుకుని వెనకే వచ్చారు. సరిగ్గా ఆయన గడప మీద కాలు పెట్టేసరికి భార్య తల ఎత్తి, ఏ పాపం ఎరగని ముఖంతో, నోటికి అలవాటైన మాట అనేసింది.

“రండి బ్రేకమ్మగారూ, కూర్చోండి.”

ఆవిడ కుర్చీ లాగబోయి ఆగింది.

“ఏమన్నారండీ?” అంది ఆవిడ.

“అదే... అంటే... మీరు బ్రేకు బాగా...” మాష్టారి భార్య నీళ్లు నమిలింది. అన్న మాటను వెనక్కి లాగబోయి ఇంకా ముందుకు తోసింది. “మా ఆయన అందరికీ పెడతారండీ. మీకొక్కరికే కాదు. నాక్కూడా ఒకటి ఉంది.”

“పోనీలెండి” అంది బ్రేకమ్మ. “తప్పు పేరేం కాదు.” నవ్వింది కూడా. మాష్టారు ఆ నవ్వు చూశారు. గడప దాటాలో వెనక్కి పోవాలో తెలియక, భుజం మీది గుడ్డతో తలుపు తుడవడం మొదలుపెట్టారు.

ఆవిడ వచ్చిన పని వేరు. వచ్చే నెల నుంచి వాళ్ల ఆఫీసు ఊరి అవతలికి పోతోంది. అక్కడికి బస్సు లేదు. బండి నడపగలిగినవాళ్లు పాత ఉద్యోగంలోనే ఉంటారు. రాలేనివాళ్లకు ఊళ్లోనే ఉన్న చిన్న శాఖలో కౌంటర్ దగ్గర కుర్చీ వేస్తారట. ఏ సంగతో ఈ మధ్యాహ్నం లోపల చెప్పాలి.

“నేను కౌంటర్‌కే పోతానని చెప్పేస్తానండీ. అందరికీ అన్నీ రావు. నా దరఖాస్తు రద్దు చేసి, ఆ కాగితం ఇప్పించండి. వెళ్లిపోతాను.”

“అయ్యో, ఇన్నాళ్ల పనమ్మా అది” అంది మాష్టారి భార్య.

“ఇరవై ఏళ్లు. ఏం చేస్తాం, కాలు మాట వినడం లేదు.”

రద్దు చెయ్యాలంటే కంప్యూటర్ లేవాలి. మాష్టారి భార్య మీట నొక్కింది. పంకా గిర్రుమంది. తెర నల్లబడింది. ముగ్గురూ బల్ల చుట్టూ చేరి దాని వంక చూస్తూ కూర్చున్నారు. ఆ నిశ్శబ్దం మాష్టారికి కుర్చీలో మేకులా ఉంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఊపిరాడేలా లేదు. ఇలాంటి సమయాల్లో మనిషికి తనకు బాగా వచ్చిన పాఠమే నోటికి వస్తుంది.

“ముట్టుకోకూడదమ్మా” అన్నారు గొంతు సవరించుకుని. “ఆ కనబడేవి రెండు సిస్టమ్‌లు. మన బండికి రెండు బ్రేకులు లేవూ, అలాగన్నమాట. కొత్తది తప్పటడుగు వేస్తే పాతది పట్టుకుంటుంది. అందుకే కాస్త నెమ్మది.”

బ్రేకమ్మ పాఠం అంతా విన్నది. మధ్యలో అడ్డురాలేదు. ఆవిడ రోజూ చేసే పని ఏమిటో మాష్టారికి సగం పాఠంలో గుర్తుకొచ్చింది. అప్పటికే నోరు వాలులో దిగుతున్న బండిలా ఉంది, ఆపడం ఆయన వల్ల కాలేదు.

“ఎవరు చెప్పారండీ ఇది?” అని మెల్లిగా అడిగింది.

“ఒకరు చెప్పాలా, ఆలోచిస్తే...” అని మాష్టారు ఆగిపోయారు.

“ఈయనే చెప్పారు” అంది భార్య. “ఊరందరికీ చెప్పారు.”

“ఒక్కసారి నేను చూడొచ్చా?”

భార్య కుర్చీ ఖాళీ చేసింది. బ్రేకమ్మ కూర్చుని, ఇంకా నల్లగానే ఉన్న తెర మీద వేలు పెట్టి చూపించింది. ఆ రెండు వరుసలూ ఒక ప్రశ్న అట. ఏది లేపమంటావు, పాతదా కొత్తదా అని యంత్రం అడుగుతోంది. జవాబు చెప్పే మనిషి లేక, గడువు అయ్యేదాకా చూసి చూసి, తనే కొత్తది తీసుకుంటోంది. రెండేళ్లుగా ప్రతి పొద్దునా అది అడగడం, వీళ్లు చేతులు కట్టుకుని నిలబడటం. ఆ తరవాత వచ్చే చీమల బారు పాత సిస్టమ్ ఉన్న భాగంలో తప్పులు వెతకడం. బావమరిది దాన్ని సగంలో వదిలేసి పోయాడు కాబట్టి యంత్రానికి రోజూ అనుమానం, రోజూ మొదటినుంచీ సోదా.

“అయితే పాతది ఆపత్తులో ఆదుకోదా?” అన్నారు మాష్టారు, గొంతులో చివరి ఆశతో.

“ఆదుకోదండీ. అది ఊరికే చోటు ఆక్రమించుకుని ఉంది. అదే ఆపుతోంది దీన్ని.”

మాష్టారు దెబ్బ కోసం కాచుకుని ఉన్నారు. ఇప్పుడు ఒక మాట అంటుంది, అనాలి గదా అనుకున్నారు. ఆయనే ఆ కుర్చీలో ఉంటే ఎన్ని అనేవారో. పేరు కూడా పెట్టేసేవారు. కాని ఆవిడ, “చాలామంది దగ్గర ఇలాగే ఉంటుందండీ. తీసేస్తే పోతుందేమోనని భయం. మా ఆఫీసులో చదువుకున్నవాళ్లే ఇలా చేస్తారు” అంది. మాష్టారికి తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

“మా తమ్ముణ్ని అనండి” అంది భార్య.

“మీ తమ్ముణ్ని నేనెప్పుడో అన్నాను” అన్నారు మాష్టారు. “పాఠం మాత్రం నాదే.”

పాత భాగంలో పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయేమోనని ఆవిడ ముందు తెరిచి చూపించింది. బావమరిది ఆడుకున్న ఆటలు, ఏదో పెళ్లి ఫొటోలు. ఫొటోలు ఇటువైపుకి మార్చింది. ఏ మీట ఎందుకు నొక్కుతోందో చెబుతూ, మాష్టారి భార్య చేతే నొక్కిస్తూ, “మీరే చెయ్యండి, నేను ఇక్కడే ఉన్నాను గదా” అంటూ సాగింది. ముందు ఆ రెండు వరుసల ప్రశ్న పోయేలా చేశారు. ఇక పాతదాన్ని తుడిచెయ్యాలి. నిజంగానే తుడవమంటావా అని యంత్రం అడిగింది.

“నొక్కమంటారా?” అంది భార్య, వేలు గాల్లో పెట్టి.

“నొక్కండి” అంది బ్రేకమ్మ.

మాష్టారు ఊపిరి బిగబట్టారు. భార్య వేలు దిగడం, బల్ల కిర్రుమని కదలడం ఒకేసారి జరిగాయి.

“ఏమండీ, ఆ కాలేంటి? బల్లను తన్నేస్తున్నారు.”

మాష్టారు కిందికి చూసుకున్నారు. ఆయన కుడికాలు బల్ల కింది పట్టీ మీద ఉంది. ఊరికే ఉండటం కాదు, మడమ లేచి, వేళ్లు బిగిసి, పిక్క రాయిలా గట్టిపడి, నొక్కుతోంది. ఆయన నొక్కమనలేదు. దాన్ని అక్కడ పెట్టినట్టు కూడా ఆయనకు తెలియదు. తీసి పక్కన పెట్టారు. తెర మీద పచ్చటి గీత నెమ్మదిగా నిండుతుంటే ఆ కాలు మళ్లీ పట్టీ మీదికి వచ్చింది. ఆయన కళ్లెదుటే వచ్చింది, పెంపుడు పిల్లిలా.

భయం వేస్తే తన కాలు ఏం చేస్తుందో మాష్టారికి జీవితంలో మొదటిసారి తెలిసింది. ఆ వెంటనే రెండోది తెలిసింది. బడి గోడ దగ్గర ఆ రోజు తరవాత, ఈ మనిషి పక్కన కూర్చున్న ప్రతిసారీ ఆయనకు భయంగానే ఉండేది. ఆవిడ క్లచ్చి వదిలేది, బండి కదలబోయేది. ఎవరో బ్రేకు మీద కాలు వేసి ఉండేవారు. ఎవరో.

ఆయన చెవులు వేడెక్కాయి, తరవాత మెడ, తరవాత వీపు. ఒంటి మీద చొక్కా ఉన్నా లేనట్టు అనిపించింది. బ్రేకును ప్రేమిస్తున్నారు బాబూ, అని కిటికీలోంచి ఊరందరికీ చెప్పిన మాట ఆ గదిలో మళ్లీ వినబడింది, తన గొంతుతోనే.

“ఇప్పుడు ఆపి లేపండి” అంది బ్రేకమ్మ. భార్య ఆపి లేపింది. పంకా గిర్రుమంది, తెర మీద కొండ వచ్చి కూర్చుంది. భార్య చీపురు వంక చూసింది, ఊడవడానికి వేళ దొరకనందుకు కాస్త దిగులుగా కూడా చూసింది.

“బాగుంది. ఇక నా కాగితం ఇప్పిస్తే...”

భార్య దరఖాస్తు తెరిచింది. ‘రద్దు’ దగ్గర నొక్కింది; వచ్చే కాగితం మీద సంతకం పడితేనే అది చెల్లుతుంది. ప్రింటర్ కాగితం లాక్కోవడం మొదలుపెట్టింది. మాట్లాడకుండా ఉండటం ఎంత తేలికో మాష్టారికి తెలుసు. కారులో ఎవరూ చూడలేదు. ఆ కాలు ఆయనది, దాని సంగతి ఆయనకొక్కరికే తెలుసు. కాగితం తీసుకుని ఆవిడ వెళ్లిపోతుంది, కౌంటర్ దగ్గర కూర్చుంటుంది, తన కాలు మంచిది కాదనుకుంటూ బతికేస్తుంది. మధ్యాహ్నం భోజనం మామూలుగానే జరుగుతుంది.

సగం బయటికి వచ్చిన కాగితాన్ని మాష్టారు పట్టుకుని లాగారు. అది చిరిగింది. ప్రింటర్ గొంతు పట్టేసినట్టు కీచుమంది.

“ఏంటండీ ఇది?” అంది భార్య.

“ఆ బ్రేకు ఈవిడది కాదు” అన్నారు మాష్టారు. భార్యతో అన్నారు, ఎందుకంటే రెండోవైపు తల తిప్పలేకపోయారు. “నాది. భయపడి నేనే తొక్కుతూ వచ్చాను. నాకు తెలియదు. ఇప్పుడే తెలిసింది, ఈ బల్ల కింద.”

బ్రేకమ్మ చాలాసేపు ఆయన బూటు వంక చూసింది.

“నేను వంటగదిలో ప్రాక్టీసు చేశానండీ” అంది చివరికి. “పొయ్యి ముందు నిలబడి, కాలు ఎత్తడం దించడం. మావారు ఏమైందని అడిగితే నొప్పి అని చెప్పాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరు నా మోకాలికి మందు రాసిచ్చారు.”

“వాడారా?” అంది మాష్టారి భార్య.

“సీసా అయిపోయింది.”

మాష్టారు క్షమించమ్మా అన్నారు. ఆ మాట చాలా చిన్నదిగా బయటికి వచ్చి, ఎక్కడికీ చేరకుండా బల్ల మీదే ఉండిపోయింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు. పర్వాలేదండీ అని కూడా అనలేదు. గోడ మీది గడియారం చూసింది.

“మధ్యాహ్నం దాకా టైముంది. బండి తీయండి” అంది. “కాని మీ కాళ్లు కింద ఉండటానికి వీల్లేదు.”

“మరెక్కడ పెట్టుకోమంటావమ్మా?”

“సీటు మీద. మఠం వేసుకుని కూర్చోండి.”

మాష్టారు భార్య వంక చూశారు. ఆవిడ గోడ మీది పటంలో రోడ్డు గుర్తులు శ్రద్ధగా చదువుతోంది. ఆవిడ భుజాలు మాత్రం కొంచెం కదులుతున్నాయి.

అలా మాష్టారు, ఇన్నేళ్లుగా ఠీవిగా మోచెయ్యి కిటికీ మీద ఆనించి తిరిగిన వీధుల్లోనే, బూట్లు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని బయల్దేరారు. మోకాళ్లు పైకి వచ్చి అద్దంలోంచి బాగా కనబడుతున్నాయి. టైర్ల కొట్టువాళ్లు పని ఆపి చూశారు. బండి కదిలింది. కుదుపు లేదు. బస్టాపులో ‘గుంటలాయన’ నిలబడి ఉన్నాడు. మాష్టారికి నమస్కారం పెట్టబోయి, చెయ్యి సగంలో ఆపి, వంగి లోపలికి చూశాడు. మాష్టారు దేవుడి విగ్రహంలా ముందుకే చూస్తూ కూర్చున్నారు.

ఆవిడ గొప్పగా నడిపిందని చెబితే అబద్ధం అవుతుంది. మలుపు దగ్గర బాగా ఎడంగా పోయింది. ఒక కూరగాయల బండివాడు గట్టిగా ఏదో అన్నాడు. బడి గోడ వచ్చినప్పుడు మాష్టారి కాలు రెండుసార్లు కిందికి దిగబోయింది. ఆయన రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని కూర్చున్నారు. గోడ ఎడమవైపు నుంచి నెమ్మదిగా వెనక్కి పోయింది. బండి ఒక్కసారి కూడా చావలేదు. ఆయన పాఠం ఏదీ చెప్పలేదు. అడిగినప్పుడు మాత్రం, “ఆ... రెండో గేరు వెయ్యమ్మా” అన్నారు.

తిరిగి చెట్టు నీడన బండి ఆపి, ఆవిడ సంచిలోంచి ఫోను తీసింది. కారులోనే కూర్చుని మాట్లాడింది.

“నేనేనండీ. కొత్త ఆఫీసుకే వస్తాను... లేదండీ, లైసెన్సు ఇంకా రాలేదు, పరీక్ష ఉంది... తెలుసండీ. వస్తాను.”

ఫోను పెట్టేసి, తాళం తీసి మాష్టారి చేతికి ఇచ్చి, తలుపు తీసుకుని దిగింది. ఆయన దిగలేదు. ఆవిడ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

“రారా మాష్టారూ?”

“మీరు వెళ్లండమ్మా. నేను వస్తాను.”

“ఏమైందండీ?”

మాష్టారు కాసేపు టైర్ల కొట్టు వంక, కాసేపు గది గుమ్మంలో నిలబడ్డ భార్య వంక చూశారు. చెప్పక తప్పేలా లేదు.

“కాళ్లు తిమ్మిరెక్కాయి” అన్నారు. “రెండూ నావి కావు ఇప్పుడు.”

ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి ఇటువైపు తలుపు తీసింది. ముందు ఎడమకాలు, తరవాత కుడికాలు తన చేత్తోనే కిందికి దింపి, బూట్లు దగ్గరికి జరిపి, భుజం అందించింది. మాష్టారు తల వంచుకుని ఆ భుజం పట్టుకున్నారు.